స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ: హైదరాబాద్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ దగ్గర పడుతుందంటే చాలు, ఈ ప్రశ్నలు మొదలవుతాయి. కింద ఉన్న జవాబుల్లో నిబంధనలకు సంబంధించినవి ఎక్కువగా యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 నవంబర్‌లో తెచ్చిన పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రకారం రాసినవి. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాటికి లోబడే సొంత నియమాలు పెట్టుకుంటాయి. ఐఐటీ, ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) లాంటి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థల దారి వేరు. సలహాల్లా కనిపించేవి మాత్రం నా అభిప్రాయాలు. ఒప్పుకోకపోయినా ఇబ్బంది లేదు.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పాసయ్యాను. ఇక అర్హత ఉన్నట్టేనా?

పాసైతే సరిపోదు, పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. మీ మెమోలో గ్రేడ్ పాయింట్లు మాత్రమే ఉంటే, వాటిని శాతంలోకి మార్చే సూత్రం ఏమిటో మీ యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ముందే రాయించి తెచ్చుకోండి. దరఖాస్తు చివరి రోజున దీనికోసం పరిగెత్తేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

నేను చదివింది మ్యాథ్స్. స్టాటిస్టిక్స్‌లో చేరవచ్చా?

చాలాచోట్ల చేరవచ్చు. సంబంధిత సబ్జెక్టుగా దేన్ని లెక్కలోకి తీసుకుంటారన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఉంటుంది. నిజం చెప్పాలంటే రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా వచ్చిన మ్యాథ్స్ విద్యార్థికి ఇన్ఫరెన్స్ (డేటా నుంచి నిర్ధారణకు రావడం) నేర్చుకోవడం కష్టం కాదు. ఎమ్మెస్సీ మొత్తం సూత్రాలు బట్టీపట్టి గట్టెక్కిన స్టాటిస్టిక్స్ విద్యార్థికి అనాలిసిస్ నేర్చుకోవడమే కష్టం. డేటా సైన్స్ డిగ్రీలవాళ్లు సిలబస్ పక్కన పెట్టుకుని చూసుకోండి. ప్రాబబిలిటీ థియరీ, ఎస్టిమేషన్, టెస్టింగ్, సాంప్లింగ్, డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్, మల్టీవేరియేట్ ఉన్నాయా? లేకపోతే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా చేరవచ్చని విన్నాను, నిజమేనా?

నిజమే, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే 2022 నిబంధనలు అనుమతిస్తాయి. కానీ చేరాక ఎమ్మెస్సీ పాఠాలన్నీ సొంతంగా చదువుకోవాల్సిందే, పక్కన కూర్చున్న స్కాలర్లకు అవి ముందే వచ్చి ఉంటాయి. స్టాటిస్టిక్స్‌లో నేనైతే ఈ దారి పట్టమని చెప్పను.

నెట్ (జాతీయ అర్హత పరీక్ష) తప్పనిసరా? స్టాటిస్టిక్స్‌కు యూజీసీ నెట్ పేపర్ కనబడటం లేదేం?

కనబడదు. స్టాటిస్టిక్స్‌కు విడిగా పేపర్ లేదు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపరే రాయాలి. ఆ పేరు చూసి సగంమంది భయపడి మానేస్తారు. అంత భయం అక్కర్లేదు, పేపర్ ఎలా ఉంటుందో తెలుసుకుంటే చాలు.

మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏ అందరికీ ఉమ్మడి: 20 ప్రశ్నల్లో 15 రాయాలి, ఒక్కోదానికి 2 మార్కులు. పార్ట్ బీలో 40కి 25, ఒక్కోటి 3 మార్కులు. పార్ట్ సీలో 60కి 20, ఒక్కోటి 4.75 మార్కులు. ఏ, బీ భాగాల్లో తప్పు రాస్తే పావు వంతు మార్కులు పోతాయి. సీలో నెగెటివ్ లేదు కానీ, సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు, ఒకటి వదిలినా సున్నా.

సిలబస్‌లో యూనిట్ 1 అంటే అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా. ఇది అందరూ రాయాల్సిందే. కాంప్లెక్స్ అనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఉన్న యూనిట్ 2, 3 మ్యాథ్స్‌వాళ్లకు. యూనిట్ 4 మనది: ప్రాబబిలిటీ, మార్కోవ్ చైన్లు, ఇన్ఫరెన్స్, లీనియర్ మోడల్స్, మల్టీవేరియేట్, సాంప్లింగ్, డిజైన్లు, రిలయబిలిటీ, ఎల్‌పీపీ (లీనియర్ ప్రోగ్రామింగ్), క్యూయింగ్. అంటే స్టాటిస్టిక్స్ విద్యార్థి యూనిట్ 4ను క్షుణ్ణంగా చదివి, యూనిట్ 1ను దానికి జోడించుకుంటే చాలు. ఫెయిలయ్యేవాళ్లలో ఎక్కువమంది యూనిట్ 4 రాకపోవడం వల్ల ఫెయిలవరు, లీనియర్ ఆల్జీబ్రాను నిర్లక్ష్యం చేసి ఫెయిలవుతారు. ఐగెన్ విలువలు, క్వాడ్రాటిక్ ఫామ్స్, ర్యాంక్ మీద ప్రశ్నలు ప్రతిసారీ ఉంటాయి. పైగా రేపు రిగ్రెషన్ మీదో మల్టీవేరియేట్ మీదో పరిశోధన చేసినా అవే కావాలి.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాలు మూడు కేటగిరీల్లో వస్తున్నాయి. మొదటిదాంట్లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ ఉంటాయి. రెండోదాంట్లో జేఆర్‌ఎఫ్ ఉండదు. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. రెండు, మూడు కేటగిరీల వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు, ఆ స్కోరు ఏడాదిపాటే చెల్లుతుంది.

నెట్ రాకపోతే దారి మూసుకుపోయినట్టేనా?

లేదు. ఓయూలో కేటగిరీ-1 కింద జేఆర్‌ఎఫ్ లాంటి జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నవారిని తీసుకుంటారు, కేటగిరీ-2 కింద యూనివర్సిటీ సొంత ఎంట్రన్స్ పెడుతుంది. ఇలాంటి ఎంట్రన్సుల్లో సగం ప్రశ్నలు రీసెర్చ్ మెథడాలజీ నుంచి, సగం సబ్జెక్టు నుంచి రావాలన్నది యూజీసీ నియమం. అర్హత మార్కు 50 శాతం. చిక్కల్లా నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందన్నదే. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఇది ఏటా క్యాలెండర్ ప్రకారం వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. నెట్ చదువుతూ ఉంటే ఆ ప్రిపరేషనే ఎంట్రన్స్‌కూ పనికొస్తుంది.

గేట్‌లో 2019 నుంచి స్టాటిస్టిక్స్‌కు విడిగా పేపర్ ఉంది. ఐఐటీలకు దరఖాస్తు చేసేవారికి అది అక్కరకొస్తుంది. టీజీ సెట్ మాత్రం లెక్చరర్ అర్హత కోసం. దాంతో ఫెలోషిప్ రాదు.

హైదరాబాద్‌లో ఎక్కడెక్కడ చేయవచ్చు?

ఓయూ యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లోని స్టాటిస్టిక్స్ విభాగం పాతది, తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవారిలో చాలామంది అక్కడివారే. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో స్కూల్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అండ్ స్టాటిస్టిక్స్ ఉంది. అక్కడ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఒకే కప్పు కింద ఉండటం థియరీ వైపు వెళ్లేవారికి కలిసొస్తుంది. అదే క్యాంపస్‌లో ప్రసిద్ధ స్టాటిస్టీషియన్ సీఆర్ రావు పేరున 2007లో మొదలైన అడ్వాన్స్‌డ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్, శామీర్‌పేట దగ్గరి బిట్స్ క్యాంపస్ మ్యాథ్స్ విభాగాల్లో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ మీద పనిచేసే అధ్యాపకులు ఉంటారు, డిగ్రీ మీద మ్యాథమెటిక్స్ అని ఉంటుంది. హబ్సిగూడలో ఐఎస్‌ఐ శాఖ ఉంది, అక్కడ ప్రధానంగా క్వాలిటీ కంట్రోల్, ఆపరేషన్స్ రీసెర్చ్ పని జరుగుతుంది. ఐఎస్‌ఐలో పీహెచ్‌డీ చేయాలంటే మాత్రం దాని సొంత ప్రవేశ పరీక్ష రాయాలి.

చాలామంది మరిచిపోయేది రాజేంద్రనగర్. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ), వరి పరిశోధన సంస్థ అన్నీ అటువైపే. పొలాల్లో వేసే ప్రయోగాలకు డిజైన్లు కావాలి, వచ్చిన డేటాకు విశ్లేషణ కావాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. వీటిలో మీకు స్టాటిస్టిక్స్ డిగ్రీ ఇవ్వకపోవచ్చు, కానీ కో-గైడ్ దొరకవచ్చు, అంతకన్నా విలువైనది డేటా దొరకవచ్చు.

గైడ్‌ను ఎలా వెతుక్కోవాలి?

దీనికి ముందు సీట్ల లెక్క అర్థం చేసుకోండి. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. పర్మనెంట్ అధ్యాపకులే గైడ్‌లుగా ఉండాలి. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి నియామకాలు జరగక పర్మనెంట్ అధ్యాపకులు తగ్గిపోయారు. ఇద్దరో ముగ్గురో ఉన్న విభాగంలో, వాళ్ల కింద ఇప్పటికే స్కాలర్లు ఉంటే, మీ ర్యాంకు ఎంత బాగున్నా సీటు ఉండదు. కాబట్టి నోటిఫికేషన్ రాకముందే విభాగానికి వెళ్లి ఎవరి దగ్గర ఖాళీ ఉందో కనుక్కోవాలి.

ఇక మనిషిని ఎలా ఎంచుకోవాలి అంటారా? సార్ పేరున్నవారా, మేడమ్ కఠినంగా ఉంటారా అని అడిగి లాభం లేదు. వాళ్ల దగ్గర ఇప్పటిదాకా చేరినవారిలో ఎంతమంది థీసిస్ ఇచ్చి బయటపడ్డారు, సగటున ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని అడగండి. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లం, ఆ మాత్రం డేటా సేకరించకుండా ఐదేళ్ల నిర్ణయం తీసుకోవడమేమిటి? అయితే ఒక జాగ్రత్త. పట్టా తీసుకుని బయటికొచ్చిన వాళ్లనే అడిగితే గైడ్ గురించి మంచే వినిపిస్తుంది. మధ్యలో మానేసినవారిని కూడా వెతికి పట్టుకుని మాట్లాడండి.

గైడ్ ఈమధ్య రాసిన పేపర్లు రెండు మూడు చదివి, అర్థం కాని చోట్ల గుర్తు పెట్టుకుని వెళ్లి కలవండి. “సార్, మీ దగ్గర చేయాలని ఉంది” అనే మాటకన్నా “సార్, ఈ లెమ్మాలో ఇండిపెండెన్స్ ఎందుకు కావాల్సి వచ్చింది?” అనే ప్రశ్న ఎక్కువ పనిచేస్తుంది.

ఫెలోషిప్ ఎంత వస్తుంది?

జేఆర్‌ఎఫ్ ఉంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000. 2023 జనవరి నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి. హాస్టల్ లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేనివారికి నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000, అది మెస్ బిల్లుకూ బస్ పాస్‌కూ సరిపోతుందంతే. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంక్ వచ్చినవారు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు ప్రయత్నించాలి. ఒక మాట: ఫెలోషిప్ డబ్బు ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందని ఇంట్లో చెప్పకండి. నెలలు ఆగి ఒక్కసారే వచ్చే సందర్భాలు ఉంటాయి.

కోర్స్‌వర్క్‌లో ఏముంటుంది?

కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు. అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి. మిగతావి రీసెర్చ్ మెథడాలజీ, మీ అంశానికి దగ్గరి పేపర్లు. చాలామంది దీన్ని మళ్లీ ఎమ్మెస్సీ చదువులా తోసేస్తారు. నా దృష్టిలో మెజర్ థియరీ మీద ఆధారపడిన ప్రాబబిలిటీని కూర్చుని నేర్చుకోవడానికి మీకు దొరికే చివరి ఖాళీ సమయం ఇదే. కన్వర్జెన్స్ రకాలు, కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్, మార్టింగేల్స్ ఇప్పుడు రాకపోతే, మూడో ఏట ఒక పేపర్‌లో ఎసింప్టాటిక్స్ (శాంపిల్ పెరిగేకొద్దీ ఏమవుతుందన్న లెక్క) చూసి అక్కడే ఆగిపోతారు. ఆర్ సాఫ్ట్‌వేర్, థీసిస్ టైపు చేసే లేటెక్ కూడా ఈ ఆరు నెలల్లోనే చేతికి అలవాటు కావాలి. థీసిస్‌ను వర్డ్‌లో టైపు చేసి సూత్రాలు చెదిరిపోయి ఏడ్చినవాళ్లను చూశాను.

టాపిక్ ఏది తీసుకోవాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మన దగ్గర తేలికగా దొరికే దారి ఒకటుంది: ఉన్న డిస్ట్రిబ్యూషన్‌కు ఇంకో పారామీటర్ కలిపి దానికి కొత్త పేరు పెట్టడం, మూమెంట్లు లెక్కగట్టడం, మ్యాగ్జిమం లైక్లీహుడ్ రాయడం, పాత పుస్తకాల్లోని ఒక చిన్న డేటాసెట్‌కు ఫిట్ చేసి ఏఐసీ (మోడళ్లను పోల్చే కొలమానం) తగ్గిందని చూపించడం. నాలుగు పేపర్లు, ఒక థీసిస్ అయిపోతుంది. తప్పని అనను, చాలా డిగ్రీలు అలాగే వచ్చాయి. కానీ వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) “ఈ డిస్ట్రిబ్యూషన్ ఎవరికి కావాలి?” అని అడిగితే జవాబు ఉండదు, ఆ తర్వాత ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ ఉండదు.

సీఆర్ రావు ఉదాహరణ చూడండి. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎమ్మే చేసి, 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లారు. అక్కడ మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన మనుషుల ఎముకల కొలతలు ఉన్నాయి. అవి ఏ జన సమూహానివో, ఎవరికి ఎవరు దగ్గరో తేల్చాలి. ఆ పనిలో నుంచే కొన్ని కొత్త మల్టీవేరియేట్ పద్ధతులు పుట్టాయి, బ్రిటిష్ స్టాటిస్టీషియన్ ఫిషర్ దగ్గర 1948లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. అంతకుముందే, 1945లోనే, అంచనాల కచ్చితత్వానికి హద్దు చూపే క్రామర్-రావు బౌండ్ పేపర్ అచ్చయింది, అది వేరే సంగతి. మనందరికీ ఆయనంత బుర్ర ఉండనక్కర్లేదు. ముందు కొలతలు, ఆ తర్వాత సిద్ధాంతం అన్న వరస మాత్రం ఎవరైనా పట్టుకోవచ్చు.

అలాంటి డేటా మన చుట్టూ లేదా? ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లిలాంటి ఊళ్లలో ఇంటింటి వివరాలు సేకరించడం మొదలుపెట్టింది. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించింది. మధ్యలో కొన్ని కుటుంబాలు వలస పోతాయి, కొన్ని విడిపోతాయి, కొందరు జవాబు చెప్పరు. ఇలా డేటా ఖాళీ అవడం ఆ కుటుంబం పేదరికంతోనే ముడిపడి ఉంటే అంచనాలు ఎలా వేయాలి? మిస్సింగ్ డేటా, లాంగిట్యూడినల్ మోడల్స్ మీద ఒక పూర్తి థీసిస్‌కు సరిపడే ప్రశ్న ఇది. అలాగే 1908 మూసీ వరద, 2020 అక్టోబర్ వానలు చూసిన నగరంలో ఎక్స్‌ట్రీమ్ వాల్యూ థియరీ (అరుదైన తీవ్ర ఘటనల లెక్క) మీద పనిచేసేవారికి ప్రశ్నలకు కొదవ లేదు.

శుద్ధ సిద్ధాంతమే ఇష్టమైతే అదీ మంచిదే. అప్పుడు గైడ్ కూడా అలాంటివారే కావాలి.

ఎన్ని పేపర్లు అచ్చవ్వాలి?

థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ తన నియమాల్లో పెట్టుకోవచ్చు, చూసుకోండి. యూజీసీ-కేర్ జాబితాను (యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితాను) కూడా ఆపేశారు, 2025 ఫిబ్రవరిలో ఆ సంగతి ప్రకటించారు. అందుకే ఏ జర్నల్ మంచిదో మీరే తేల్చుకోవాలి. వారంలో అచ్చేస్తాం, ఫీజు కట్టండి అని మెయిల్ వస్తే తెరవకుండానే తీసేయండి. ఐఎస్‌ఐ స్థాపకుడు మహలనోబిస్ 1933లో మొదలుపెట్టిన ‘సంఖ్య’ లాంటి జర్నల్‌లో రెఫరీల దగ్గర నెలల తరబడి ఆగి, రెండుసార్లు తిరగరాయించుకుని వచ్చిన ఒక్క పేపర్ ఉన్నా వైవాలో ధైర్యంగా కూర్చోవచ్చు.

ఉద్యోగం చేస్తూ చేయవచ్చా?

పార్ట్‌టైమ్ ఉంది. పనిచేసే చోటి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, చదువుకోడానికి సమయం ఇస్తామని అందులో రాసి ఉండాలి. కోర్స్‌వర్క్, మూల్యాంకనం ఫుల్‌టైమ్ వారితో సమానమే. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేసే పీహెచ్‌డీ మాత్రం చెల్లదు. జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ పూర్తిచేసినవారు ఉన్నారు, వాళ్లంతా పొద్దున నాలుగింటికి లేచే రకం.

ఎన్నేళ్లు పడుతుంది?

కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు, మొత్తం పదేళ్లు మించకూడదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం వ్యవధిలో 240 రోజుల వరకు ఉంటుంది. ఇది అడిగి తీసుకోవాల్సిన హక్కు, ఎవరి దయా కాదు. పెళ్లి, పిల్లల పేరు చెప్పి అమ్మాయిలను నిరుత్సాహపరిచే పెద్దలకు ఈ నిబంధన చూపించండి.

ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ కూడా మనసులో ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. దానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, జనరల్ అభ్యర్థులకు వయసు పరిమితి 30. థీసిస్ అయ్యాక రాద్దామనుకుంటే వయసు దాటిపోవచ్చు.

తెలుగు మీడియం నుంచి వచ్చాను. ఇంగ్లిష్‌లో థీసిస్ రాయగలనా?

రాయగలరు. స్టాటిస్టిక్స్ థీసిస్‌లో వాడే ఇంగ్లిష్ చాలా తక్కువ, చాలా సాదా. “అనుకుందాం”, “కాబట్టి”, “దీన్నిబట్టి” అనే మాటల చుట్టూనే తిరుగుతుంది. కష్టమంతా మొదటి అధ్యాయం, లిటరేచర్ రివ్యూ దగ్గరే. రోజుకో పేపర్ పీఠిక చదివి, పక్కన తెలుగులోనే సారాంశం రాసుకోండి. తెలుగులో రాయలేకపోతే అది మీకు అర్థం కానట్టే, ఇంగ్లిష్‌ను తప్పుపట్టి లాభం లేదు. సెమినార్‌లో మాట తడబడినా బోర్డు మీద ప్రూఫ్ సరిగ్గా నడిపితే ఎవరూ పట్టించుకోరు.

థీసిస్ ఇచ్చాక ఏం జరుగుతుంది?

ప్రతి సెమిస్టర్ మీ పని రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు చెప్పుకుంటూ రావాలి. చివర్లో ప్రీ-సబ్మిషన్ సెమినార్. థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు, వీలైతే ఒకరు విదేశాల నుంచి. ఇద్దరిలో ఒకరు వద్దంటే మూడోవారికి పంపుతారు. నివేదికలు బాగుంటే వైవా, అది అందరికీ తెరిచి ఉంటుంది. ఇదంతా ఆరు నెలల్లో ముగియాలని నిబంధన. పరీక్షకుల నివేదికల కోసం అంతకన్నా ఎక్కువే ఎదురుచూడాల్సి రావచ్చు. ఉద్యోగ ఇంటర్వ్యూల తేదీలు ఆ లెక్కన వేసుకోండి.

సాఫ్ట్‌వేర్ చూపించే సారూప్యత శాతం గురించి భయంగా ఉంది.

గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఏడాది నిషేధం. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అందరూ వాడే పారిభాషిక పదాలు, సూత్రాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు, నివేదికలో అవి రంగులు పూసుకుని కనిపించినా కంగారు పడొద్దు. లిటరేచర్ రివ్యూ సొంత మాటల్లో ఉందో లేదో చూసుకుంటే చాలు.

డబ్బిస్తే డేటా విశ్లేషణ చేసి, థీసిస్ రాసి పెడతామంటున్నారు...

వద్దు. దొరికిపోవడం ఒక భయమైతే, దొరక్కపోవడం ఇంకో నష్టం. వేరే సబ్జెక్టువాళ్లు విశ్లేషణ కోసం స్టాటిస్టీషియన్ దగ్గరికి వస్తారు. ఆ స్టాటిస్టీషియనే ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఆ డిగ్రీ దేనికి?

అమెరికా వెళ్లడం మంచిదా, ఇక్కడే చేయడం మంచిదా?

అక్కడ మొదటి రెండేళ్లు గట్టి కోర్సులు, ఆ తర్వాత క్వాలిఫయింగ్ పరీక్షలు, అవి తప్పితే మాస్టర్స్‌తో బయటికి రావాలి. మొత్తం సుమారు ఐదేళ్లు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు, జీవనం గడుస్తాయి. చేరేనాటికి గైడ్ ఉండనక్కర్లేదు, టాపిక్ తర్వాతే తేలుతుంది. పునాది బలపడటానికి అది మంచి పద్ధతి. ఇక్కడ చేరిన రోజునుంచే గైడ్, టాపిక్ గొడవ మొదలవుతుంది. కోర్సులు తక్కువ కాబట్టి ఎవరి పునాది వాళ్లే వేసుకోవాలి. వెళ్లగలిగితే వెళ్లండి. వెళ్లకపోతే ఆ రెండేళ్ల కోర్సుల సిలబస్ డౌన్‌లోడ్ చేసుకుని ఇక్కడే చదవండి.

చివరికి ఉద్యోగం వస్తుందా?

2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ లేదా సెట్ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే కావాల్సిందే. ప్రభుత్వ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు. ప్రైవేటులో అయితే క్లినికల్ ట్రయల్స్ చేసే ఫార్మా సంస్థలు, బ్యాంకుల రిస్క్ విభాగాలు ఈ నగరంలోనే చాలా ఉన్నాయి. సర్వైవల్ అనాలిసిస్, మిస్సింగ్ డేటా, బేయెసియన్ పద్ధతుల మీద థీసిస్ చేసినవారికి అక్కడ గిరాకీ ఉంటుంది. కోడ్ రాయడం వచ్చి ఉండాలి, ఫార్మాలో అయితే శాస్ (SAS) సాఫ్ట్‌వేర్ కూడా అడుగుతారు.